స్ప్లెండర్ చైను: మూడో ఆదివారం కూడా పాయె

ట్యాపెట్లు, ప్లగ్గు, వెనక బ్రేక్ షూలు ఒక్క పూటలో అయిపోయినయ్. చైను మాత్రం లొంగుతలేదు.

కవర్ రబ్బరు మూత తీసి స్కేలుతో కొలిస్తే చైను నడుమ కిందికి మీదికి ఆడే ఊపు ఒకచోట 9 మిల్లీమీటర్లు. చక్రం తిప్పితే ఇంకోచోట 34! ఉండాల్సింది 25 దగ్గర. దసరా ముందు షెడ్డుల బిగించిన పిల్లగాడు వదులున్నచోట చూసి బిగించి పంపిండు. నల్లగొండ నుంచి తిప్పర్తి దాకా ఒకటే కర్రుకర్రు. వాణ్ని అనేదేముంది, వెనక నాలుగు బండ్లు ఆగి ఉంటే చక్రం పదిసార్లు ఎవరు తిప్పి చూస్తరు? ఇంట్ల నేను నలభైసార్లు తిప్పిన.

ముందు బత్తాయి తోట బాట దుమ్ము మీద అనుమానం. చైను రాత్రంతా డీజిల్ల నానబెట్టి ఒక్కో లింకు వంచి చూసిన. రెండు పట్టేసినయ్, కదిలించిన. మళ్లీ కొలిస్తే 9 కాస్తా 10 అయింది. అంతే.

తర్వాత చెల్లె నెయిల్ పాలిష్ (తిట్లు వేరే). చైను మీదొక చుక్క, వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మీదొక చుక్క. వెనక 42 పళ్లు, ముందు 14. లోపం ముందుదైతే చక్రం ఒక్క చుట్టుకు మూడుసార్లు బిగవాలె. చైనుదైతే దాదాపు రెండున్నర చుట్లకోసారి. మనదేమో చుట్టుకొక్కసారి, స్ప్రాకెట్ చుక్క అదే జాగకు వచ్చినప్పుడే.

వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కు వైరు ముక్క కట్టి పళ్ల మొనల దాకా వంచిన. ఒకదిక్కు తాకుతుంది, ఎదురుదిక్కు ట్యాపెట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్ల 0.50 మిల్లీమీటర్ల బ్లేడు దూరుతుంది. అర మిల్లీమీటరుకు ఇంత తేడానా? కాగితం మీద లెక్కేస్తే నిజమే: స్ప్రాకెట్ అర మిల్లీమీటరు జరిగితే పై వరస, కింది వరస కలిపి చైను ఒక్క మిల్లీమీటరు మిగులుతది, దానికే నడుమ ఊపు ఇరవై దాటి పెరుగుతది.

ప్రస్తుతానికి బిగుతు చోట 20 పెట్టిన. వదులు చోట 39 ఊగి కవర్‌కు కటకట కొడుతుంది. కొట్టనీ, బేరింగ్ అయితే బతుకుతది. స్ప్రే లూబ్ డబ్బాలు మన దుమ్ముకు దండగ, 90 నంబరు గేర్ ఆయిలే నయం. మూడు వారాల ఖర్చు అర లీటరు డీజిలు, ఒక నెయిల్ పాలిష్.

వచ్చే ఆదివారం స్ప్రాకెట్‌ను హబ్ (చక్రం నడిమి భాగం) మీద ఒక బోల్టు రంధ్రం జరిపి బిగిస్త. బిగుతు చుక్క దగ్గరే ఉంటే స్ప్రాకెట్ పోయినట్టు, రోలాన్ కంపెనీ చైను-స్ప్రాకెట్ సెట్టు కొంట. చుక్కను వదిలి జరిగితే హబ్‌దే తప్పు. అప్పుడు ఫోర్కు ఆయిల్ సీళ్ల పని మళ్లీ వెనక్కే.