కళ్ళజోడు మరచిపోయి కడపకు

మా వంటింటి గోడకు వేలాడే విచారణ క్యాలెండరులో, అంటే మా కతోలిక గుడివాళ్ళ క్యాలెండరులో, ప్రతి తేదీ కింద ఆనాటి బైబిలు పఠనాలూ, ఆనాటి పునీతుల పేర్లూ చిన్న అక్షరాలలో ఉంటాయి. అమ్మకు అంకె కన్నా ముందు ఆ చిన్న అక్షరాలే కనిపిస్తాయి. పాల లెక్కా, సిలిండరు మార్చిన రోజూ ఆ పేర్ల పక్కనే రాసుకోవడం ఆమెకు అలవాటు కాబట్టి, మా ఇంట్లో గ్యాసు అయిపోయింది ఆగస్టు 15న కాదు, మరియమాత మోక్షారోపణ పండుగనాడు. ఆ పక్క పుటలోనే ఆమె సెప్టెంబరు 8 చుట్టూ సున్నా చుట్టింది. 2025లో దేవమాత పుట్టిన పండుగ పూజకు కడప మరియాపురంలోని కథెడ్రల్‌కు, అంటే బిషప్పుగారి గుడికి, వెళ్ళాలన్నది ఆ సున్నాకు అర్థం.

ముందురోజు ఆదివారం. అనంతపురంలో ఉదయం పూజ చూసుకొని బయలుదేరాము. ఆనాటి సువిశేషం లూకా 14వ అధ్యాయం నుంచి వచ్చింది. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగే మాట అందులోదే. బస్సులో కండక్టరు అమ్మ ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం కింద సున్నా టికెట్టు చింపి ఇచ్చి, నా దగ్గర మాత్రం పూర్తి డబ్బులు తీసుకున్నాడు. “నీ గోపురానికే ఖర్చురా, నాది ప్రభువు కట్టేసినాడు” అన్నది అమ్మ. ఒక క్షణం ఆగి, “ప్రభుత్వంలే” అని దిద్దుకుంది.

తాడిపత్రిలో నాపరాళ్ళ దుమ్ము దాటేసరికి ఆమె చేతిలో జపమాల మూడో పదికి వచ్చింది. జపమాల చెప్పేటప్పుడు ప్రభువు, మరియమాతల జీవిత ఘట్టాలను రోజుకొక వరుసగా ధ్యానిస్తారు, వాటినే దేవరహస్యాలు అంటారు; ఆదివారం కనుక మహిమ దేవరహస్యాలు. రెండవ జాన్ పాల్ పోపుగారు 2002లో వెలుగు రహస్యాలను చేర్చి గురువారానికి ఇచ్చినప్పటికి అమ్మకు నలభై దాటాయి. ఇప్పటికీ గురువారం పూట పాత అలవాటు కొద్దీ సంతోష రహస్యాలు ఎత్తుకొని, నాలుక కరుచుకొని, మళ్ళీ మొదటికి వస్తుంది. నాకైతే ఆ తడబాటులోనే ఆమె భక్తి ఎక్కువ కనిపిస్తుంది.

ముద్దనూరు దాటాక, ఒంటిగంటన్నర వేళ, ఫోనులో రోము నుంచి ప్రత్యక్ష ప్రసారం వచ్చింది. లియో పోపుగారు ఆ రోజు కార్లో అకుటిస్, పియెర్ జోర్జో ఫ్రస్సాతి అనే ఇద్దరు ఇటలీ యువకులను పునీతులుగా ప్రకటించారు. కార్లో 2006లో ల్యుకేమియాతో చనిపోయినప్పుడు అతనికి పదిహేనేళ్ళు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్ర అప్పం, చుట్టూ జరిగిన అద్భుతాలను సేకరించి వెబ్‌సైటులో పెట్టిన పిల్లవాడు. అమ్మ చిత్రపటాన్ని దగ్గరగా చూసి, “వీనికి పండగ యా పొద్దు?” అని అడిగింది. అక్టోబరు 12 అని చెప్పాను, అది అతను కన్నుమూసిన తేదీ. పునీతుల పండుగ సాధారణంగా వాళ్ళు చనిపోయిన రోజున వస్తుంది; తిరుసభ, అంటే కతోలిక సంఘం, పుట్టినరోజు చేసేది యేసు ప్రభువుకూ, మరియమాతకూ, బాప్తిస్మ యోహానుకూ మాత్రమే. మరియమాత తన తల్లి కడుపున పడిన నిష్కళంకమాత పండుగ డిసెంబరు 8న, అక్కడికి సరిగ్గా తొమ్మిది నెలలకు సెప్టెంబరు 8. ఈ లెక్క అమ్మకు నాకన్నా బాగా తెలుసు, బిడ్డను కన్న మనిషి కదా.

కడపలో చిన్నమ్మ ఇంట్లో దిగాము. రాత్రి మరుసటి రోజు పఠనం చదువుకోవడానికి అమ్మ బైబిలు తెరిచాక గానీ కళ్ళజోడు అనంతపురంలోనే ఉండిపోయిందని తెలియలేదు. సర్దింది నేనే. ఏమీ అనకుండా పుస్తకం నా చేతికిచ్చింది. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం కావడంతో అందరమూ మిద్దె మీదే ఉన్నాము. పదకొండుకల్లా చంద్రుడు రాగి చెంబు రంగుకు తిరిగాడు. ఆ మసకలో, ఫోను వెలుతురులో, నేను ఇన్నేళ్ళుగా దాటవేస్తూ వచ్చిన మత్తయి మొదటి అధ్యాయం చదవవలసి వచ్చింది.

అది యేసు ప్రభువు వంశావళి, అబ్రహాము మొదలుకొని మూడు పద్నాలుగుల తరాలు. అమ్మీనాదాబు దగ్గర నాలుక మడతపడితే అమ్మ చీకట్లోనుంచే అందించింది. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య అని నలుగురు ఆడవాళ్ళు రాగానే ఆపమన్నది. “ఆ నాలుగోదానికి పేరు కూడా రాయలేదు చూడు. మనింట్లో మాత్రం ఎవరు రాసినారు?” అని, తనే మొదలుపెట్టింది. జేజి పేరు ఆరోగ్యమ్మ, ఆమె అత్త అంతోనమ్మ, ఆ పైన జ్ఞానస్నానం పొందిన మొదటి మనిషి రాయప్ప, అతని తమ్ముడు చిన్నప్ప, బావ ఇన్నయ్య. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే జేవియర్ అని చిన్నప్పుడు గుడిలో మతపాఠాలు చెప్పే ఉపదేశి చెప్పిందే. అయినా వాళ్ళను నేను ముత్తాతలుగానే ఎరుగుదును, పునీతులుగా ఎన్నడూ వినలేదు. రాయప్ప భార్య పేరు ఎంత తడిమినా అమ్మకు గుర్తు రాలేదు. చిన్నమ్మనూ అడిగింది. ఆమెకూ తెలియలేదు. గ్రహణం విడిచేదాకా అమ్మ నిద్రపోలేదు.

మర్నాటి పూజలో గురువు తెల్లని పూజావస్త్రాలలో అదే వంశావళిని చదివినప్పుడు, అమ్మ పెదవులు ఆయన కన్నా ఒక పేరు ముందు కదిలాయి. జనం, కొవ్వొత్తులు, తోపులాట అన్ని పండుగలలోనూ ఉండేవే.

మంగళవారం ఉదయానికి ఇల్లు చేరాము. కళ్ళజోడు క్యాలెండరు మేకుకే తగిలించి ఉంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా దాన్ని తీసి పెట్టుకొని అమ్మ ఆనాటి గడి చూసింది. లూకా 6వ అధ్యాయం, ప్రభువు పన్నెండుమందిని పేరు పేరునా పిలిచే ఘట్టం.

“మళ్ళీ పేర్లేరా” అని నవ్వి, పేతురు దగ్గర చదవడం మొదలుపెట్టి ఆగింది. పెన్సిలు తీసి, ఆ గడిలో పాల లెక్క పక్కన “రాయప్ప భార్య” అని రాసి, ఎదురుగా కాస్త ఖాళీ ఉంచింది.