మా రష్యన్ తాబేలు ఆడదా మగదా, ఎలా తేలిందంటే

మేం ఉండేది డాలస్‌లో. మా పాప కోసం రెస్క్యూ వాళ్ళ దగ్గర్నుంచి ఒక రష్యన్ తాబేలు తెచ్చుకున్నాం (ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదివి నక్షత్ర తాబేలు కొనకండి ప్లీజ్, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం అది). తెచ్చినప్పుడు చాలా చిన్నది, అంత చిన్నప్పుడు గట్టిగా చెప్పలేం, నాలుగైదు అంగుళాలు పెరగనివ్వండి అంది వెట్ (జంతువుల డాక్టర్). డీఎన్ఏ టెస్ట్ ఉంటుందేమో అని అడిగా, వీటికి కుదరదంట, గుడ్డు పొదిగేటప్పుడు ఉన్న వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి.

చాలామంది పొట్ట కింద చూడమంటారు, లోపలికి గుంట పడి ఉంటే మగది అని. సల్కాటా, రెడ్‌ఫుట్ అనే వేరే రకం తాబేళ్ళకి అది బాగానే పనికొస్తుంది కానీ రష్యన్‌లో మగదానికి కూడా పొట్ట దాదాపు చదునుగానే ఉంటుంది, అందుకని దీనికి తోకే చూడాలి. మగదాని తోక పొడుగ్గా ఉండి కొస సన్నగా తేలుతుంది, ఎప్పుడూ పక్కకి మడిచి పెట్టుకుంటుంది, మలద్వారం కూడా కొస వైపుకి ఉంటుంది. ఆడదానికి పొట్టిగా మొద్దుగా ఉండి ఆ రంధ్రం డిప్పకి దగ్గర్లో ఉంటుంది. సైజులో కూడా ఆడవే పెద్దవి. చూడ్డానికి వెల్లకిలా తిప్పి పట్టుకోవద్దు, దానికి చాలా భయం, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టినప్పుడు తోక వదులు చేస్తుంది కదా, అప్పుడు వెనకనుంచి ఫోటో తీసుకుంటే చాలు. మేం నెలనెలా అలా తీసి పక్కపక్కన పెట్టి చూశాం, తోక అస్సలు సాగలేదు, వెట్ కూడా చూసి ఆడదే అంది.

పేరు పెట్టడానికే కదా ఇదంతా అనుకోకండి, మగది లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది, పెట్టడానికి చోటు లేకపోతే గుడ్లు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదకొస్తుంది! ఒక వసంతంలో మాది తిండి మానేసి మూలలన్నీ తవ్వడం మొదలెట్టింది, వెంటనే ఎక్స్‌రే తీయిస్తే గుడ్లు తెల్లగా కనపడ్డాయి. డిప్ప పొడుగుకి మించిన లోతులో ఇసక కలిపిన తడి మట్టి ఒక టబ్బులో పోసి పెడితే అందులోనే పెట్టేసింది, మర్నాటికి మళ్ళీ డాండిలియన్ ఆకులు తిన్నది. కాల్షియం, యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే బల్బు) మాత్రం ఆడదానికి అస్సలు తగ్గనివ్వకండి.