బి.డి. చదవబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

బి.డి. అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, క్రైస్తవ వేదాంత చదువు. పట్టా ఇచ్చేది సేరంపూర్ సెనేట్, అనుబంధ వేదాంత కాలేజీలన్నీ దాని కిందే. ఈ కోర్సు మామూలు డిగ్రీ అయినవాళ్లకు 4 ఏళ్లు, ఇంటర్‌తో వచ్చేవాళ్లకు 5. కాలేజీకి సెనేట్ అనుబంధం ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. లేకపోతే రేపు ఎం.టిహెచ్. (ఆ పై చదువు, మాస్టర్ ఆఫ్ థియాలజీ) దగ్గర ఇబ్బంది.

ఇందులో పాత నిబంధన భాష హీబ్రూ కూడా ఉంటుంది. అందరూ హీబ్రూ అంటే హడలిపోతారు. 22 అక్షరాలే, త్వరగానే వచ్చేస్తాయి. చిక్కంతా క్రియలతో. 'ఇచ్చాడు' నాతన్, 'ఇస్తాడు' యిత్తేన్. మొదటి నూన్ ('న' అక్షరం) ఏమైంది? పక్క అక్షరంలో కలిసిపోయి దాన్ని ద్విత్వం చేసింది. నిఘంటువులో క్రియలు ధాతువు మొదటి అక్షరం కింద ఉంటాయి. అది పట్టుకోలేక 'య' కింద, 'త' కింద వెతుకుతూ కూర్చుంటారు. 'యి' పక్కనున్న అక్షరం కడుపులో చుక్క (ద్విత్వానికి గుర్తు) కనబడితే 'యి' తీసేసి, ఆ అక్షరం ముందు నూన్ పెట్టి వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది. పైకి చదవండి కూడా. ఒత్తు మన చెవికి ఇట్టే తగులుతుంది, ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. ఉత్త పదాల పట్టిక బట్టీ పడితే మాత్రం పరీక్ష మర్నాటికే ఆవిరి.