పాత లారీ క్యాబిన్ వెంట్ కారడం ఆపిన నా అనుభవం

మా లారీ వయసు 20 ఏళ్లు దాటింది. ఇంజను మీద గాని, ఛాసిస్ మీద గాని నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. క్యాబిన్ పైకప్పు మధ్యలో గాలి కోసం అమర్చిన వెంట్ ఒక్కటే రెండేళ్ల పాటు నన్ను వేధించింది. వాన పడుతున్నంత సేపూ లోపల ఒక్క చుక్క కనిపించేది కాదు. వాన వెలిసి, బండి కదిలి, మొదటిసారి బ్రేకు గట్టిగా తొక్కగానే డ్రైవరు తలుపు పైనున్న లైనింగు అంచు నుంచి నాలుగైదు చుక్కలు నా భుజం మీద పడేవి. కారేది వెంట్ దగ్గర, పడేది దానికి రెండడుగుల దూరంలో. ఆ రెండడుగులే నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించాయి.

మొదట తలుపు రబ్బరును అనుమానించి మార్చాను. తరువాత ముందు అద్దం బీడింగును మార్చాను. ఆ రెండూ అయ్యాక గాని నిచ్చెన వేసుకుని కప్పు మీదికి తొంగి చూడలేదు. వెంట్ ఫ్రేము చుట్టూ సందు మూయడానికి పూసిన పాత సీలెంట్ ఎండిన చెరువు అడుగులా బీటలు వారి ఉంది. ఒక ట్యూబు సిలికాన్ తెచ్చి ఆ బీటల మీదే పూశాను. నెలన్నర ఆగి మళ్లీ కారింది. మళ్లీ పూశాను, ఈసారి మూడు వారాలు కూడా ఆగలేదు. ఆ పూతల వల్ల జరిగిన నష్టం నీరు కారడం వల్ల జరిగిన దానికన్నా ఎక్కువని ఫ్రేము ఊడదీశాక తెలిసింది. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా అంటదు, దాని జిడ్డు మిగిలిన చోట పెయింటు కూడా నిలవదు. పులుపు వాసన వేసే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది కనుక, పెయింటు లేచిపోయిన ఇనుప రేకును అదే తుప్పు పట్టిస్తుంది. పైగా ఫ్రేము కిందికి ఎలాగో చేరిన నీటికి బయటకు పోయే సందును నేనే మూసేశాను కాబట్టి, అది లోపలికి దిగక తప్పలేదు.

అసలు ఆ సీలెంట్ బీటలు వారడానికి కారణం దాని వయసు ఒక్కటే కాదు. వెంట్ ఫ్రేము ప్లాస్టిక్, కప్పు ఉక్కు రేకు. ఎండకు ప్లాస్టిక్ ఉక్కు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా సాగుతుంది. దాదాపు 40 సెంటీమీటర్ల ఫ్రేము తెల్లవారుజాము చలికి, మధ్యాహ్నపు ఎండకు మధ్య రేకుతో పోలిస్తే ఒక మిల్లీమీటరు వరకు అటూ ఇటూ జరగగలదు. గట్టిపడిపోయే పూత ఏదైనా ఆ కదలికకు రోజూ కొంచెం కొంచెంగా విడిపోతుంది. ఎప్పటికీ మెత్తగా, జిగురుగా ఉండే బుటైల్ టేపు అయితే ఆ కదలికతో పాటే సాగుతుంది. ఇది అర్థమయ్యాక పైపూతల ఆలోచన మానుకుని, ఫ్రేమును పూర్తిగా ఊడదీసి మళ్లీ కూర్చాలని నిర్ణయించుకున్నాను.

అయితే ఊడదీసే ముందు, నీరు నిజంగా వెంట్ నుంచే వస్తోందని రుజువు చేసుకోవాలనుకున్నాను, ఎందుకంటే అప్పటికే రెండుసార్లు అనుమానాన్ని నమ్మి మోసపోయాను. లోపలి లైనింగు విప్పి, తమ్ముణ్ణి టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టి, నేను బయట నీళ్ల పైపు పట్టుకున్నాను. ఈ పరీక్షను కింది నుంచి పైకి చేయాలి. ముందే పైన నీళ్లు పోస్తే అవి కిందికి జారి అన్ని సందుల్లోకీ చేరతాయి గనుక ఏ సందు దోషో తెలియదు. ముందు అద్దం కింది అంచు, తరువాత పై అంచు, తరువాత కప్పు ముందు భాగంలోని దీపాల అడుగు, యాంటెనా మొదలు, చివరికి వెంట్: ఒక్కొక్క చోట ఐదారు నిమిషాలు, ధార ఎక్కువ లేకుండా నెమ్మదిగా పోశాను. వెంట్ వెనుక అంచు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి కేక వినిపించింది: "అన్నయ్యా, ఆపకు, ఊరుతోంది!" ఫ్రేము వెనుక మూల నుంచి ఊరిన నీరు కప్పు రేకును మోసే అడ్డ పట్టీ లోపలికి దిగి, దాని గుండా తలుపు వైపుకు నడుస్తోంది. పట్టీ గాడిలో నిలిచిన ఆ నీరే బ్రేకు వేసినప్పుడు ముందుకు ఎగిరి నా భుజం మీద పడేది. రెండేళ్ల చిక్కుముడి అరగంటలో విడిపోయింది.

లైనింగు కింద ఉన్న ఫోము తడిసి ముద్దయి, బూజు వాసన వేస్తోంది. వైర్ల కట్ట కూడా ఆ దారిలోనే ఉండటంతో బ్యాటరీ నెగెటివ్ కేబుల్ తీసి పక్కన పెట్టాకే మిగతా పని మొదలుపెట్టాను. ఫ్రేముకున్న 14 స్క్రూలలో పది మామూలుగా వచ్చాయి. తుప్పుతో బిగుసుకున్న నాలుగింటి తలలను డ్రిల్లుతో తొలిచి తీయవలసి వచ్చింది. ఫ్రేమును ఎత్తడానికి ఇనుప కత్తి వాడితే మిగిలిన పెయింటు కూడా గీరుకుపోతుందని, ప్లాస్టిక్ గీకుడు పట్టీని సందులో దూర్చి, హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వేడి చేస్తూ అంగుళం అంగుళంగా లేపాను. సగం రోజు అక్కడే గడిచింది. అందులో ఎక్కువ సమయం నేను పూసిన సిలికాన్‌ను నేనే గీకడానికి పోయిందని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఫ్రేము కింద రేకు మూడు వైపులా బాగుంది. వెనుక మూల మాత్రం పొరలు పొరలుగా లేచి, చిటికెన వేలి గోరంత చిల్లు పడి ఉంది. వెల్డింగు చేయిస్తే పల్చని రేకు వేడికి వంకర తిరుగుతుందని, పక్కనే ఉన్న ఫోము అంటుకోవచ్చని భయపడ్డాను. అందుకని తుప్పును వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనిపించే దాకా తీసి, కింది వైపు నుంచి చిన్న రేకు ముక్కను ఎపాక్సీతో అతికించాను. గరుకు కాగితం చేరలేని చిన్న గుంటల్లో మాత్రమే రస్ట్ కన్వర్టర్ పూశాను. అది తుప్పును నల్లటి స్థిరమైన పొరగా మారుస్తుందే తప్ప, వదులుగా ఉన్న పెచ్చులను పట్టి ఉంచదు. ఆ తరువాత ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, దానిపైన పెయింటు. ఎన్ని గంటలు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటే అన్ని గంటలూ ఆగాను. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఆ ఆగడమే.

మళ్లీ కూర్చేటప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. కప్పు మీద ఇనుప స్కేలు నిలబెట్టి చూస్తే, వెంట్ వెనుక వైపు రేకు మూడు మిల్లీమీటర్ల దాకా కుంగి ఉంది. ఎవరో ఎప్పుడో మోకాలు ఆనించి ఉంటారు. వాన నీరు నిలిచేది అక్కడే. ఫ్రేమును నేరుగా బిగించి ఉంటే ఆ వైపు సందు మిగిలేది, స్క్రూలను మరింత బిగిస్తే ఫ్రేమే వంగేది. కనుక ఆ వైపున బుటైల్ టేపును రెండు పొరలుగా, మిగతా వైపుల ఒక్క పొరగా వేశాను. టేపును లాగి సాగదీయకుండా పరచి, చివరలు కలిసే చోట ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా నొక్కాను. కొత్త స్క్రూలు స్టెయిన్‌లెస్ రకం. వాటి తలల కింద కూడా కాస్త బుటైల్ పెట్టాను. ఎదురెదురు స్క్రూలను జతలుగా, మూడు విడతల్లో, అంచు నుంచి టేపు సమంగా బయటకు ఉబికే వరకే బిగించి ఆపాను. మరునాటికి టేపు కొంత సర్దుకుంది. అప్పుడు ఇంకొక పావు తిప్పు బిగించి, బయటికి వచ్చిన దానిని కోసేశాను. ఆ అంచు మీద వాహనాల బాడీకి వాడే పాలీయూరిథేన్ సీలెంట్‌ను సన్నని గీతలా వేశాను గాని, వెనుక అంచులో ఒక చిన్న ఖాళీని కావాలనే వదిలాను. దీనితో ఏకీభవించని వారు ఉంటారు. ఎప్పుడైనా నీరు కిందికి చేరితే అది క్యాబిన్‌లోకి కాకుండా బయటకు రావాలన్నది నా లెక్క.

వెంట్ మూత రబ్బరు సంగతి కాగితంతో తేల్చుకున్నాను. మూత కింద కాగితపు ముక్క పెట్టి మూసి లాగితే, పట్టు ఉన్న చోట కాగితం బిగుతుగా కదలాలి. మా దానిలో కీలు వైపు రెండు చోట్ల కాగితం ఊరికే వచ్చేసింది. ఏళ్ల తరబడి నొక్కుకుని ఆ రబ్బరు చదునైపోయింది. బోలుగా ఉండే, ఎండావానలకు తట్టుకునే ఈపీడీఎం రకం రబ్బరు బీడింగు తెచ్చి, కొలత కన్నా కొద్దిగా ఎక్కువగా కోసి, అతుకు కీలు వైపు వచ్చేలా అమర్చాను. ఈ రబ్బరుకు పెట్రోలియం గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది కాబట్టి సిలికాన్ గ్రీజు మాత్రమే పల్చగా రాశాను.

ఫోము పూర్తిగా ఆరడానికి మూడు రోజులు పట్టింది. అయినా లైనింగును వెంటనే బిగించలేదు. అడ్డ పట్టీ పొడవునా టిష్యూ కాగితాలు అంటించి, పైపుతో 20 నిమిషాలు నీళ్లు పోసి చూసి, ఆ తరువాత రెండు మంచి వానలు పడే దాకా క్యాబిన్‌ను అలాగే వదిలేశాను. కాగితాలు పొడిగానే ఉన్నాయి. ఒక చిక్కు మాత్రం మిగిలింది. కొత్త రబ్బరు మందం వల్ల మూత గడియ బాగా బిగుతుగా పడుతోంది, రెండు చేతులతో నొక్కితే గాని మూసుకోవడం లేదు. రబ్బరు సర్దుకోవడానికి ఇంకొక నెల చూసి, అప్పటికీ అలాగే ఉంటే గడియ కింద ఒక పల్చని వాషరు వేయాలి.