చిల్లకాయలు మేసిన ఆవు

ఎండాకాలంలో మా ఉదయగిరి వైపు బీళ్లలో పచ్చగా కనిపించేది చిల్లచెట్టే. సర్కారు తుమ్మ అన్నా అదే. గడ్డి కొనాలంటే డబ్బులు చాలవు. చెట్ల కింద రాలిన పసుపుపచ్చ కాయలు ఊరికే దొరుకుతాయి, తియ్యగా ఉంటాయి, పశువులు ఎగబడి తింటాయి.

మా పెదనాన్న ఆవు వేసవంతా దాదాపు వాటి మీదే బతికింది. వానలు పడేవేళకి మేత నోట్లోంచి జారిపోవడం మొదలైంది. తల ఒక పక్కకి వాల్చి నమిలేది. దవడల కండ కరిగి చెంపలు లోపలికి పోయాయి. నాలుక కొస బయటే ఉండేది, చొంగ ఆగేది కాదు. ఆకలి మాత్రం అలాగే ఉంది. కిందపడిన పరకను మళ్లీ అందుకునేది, మళ్లీ జారిపోయేది. చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది.

పంట్లో ముల్లు ఇరుక్కుందేమోనని పెదనాన్న నోట్లో చెయ్యి పెట్టబోయాడు. పశువుల డాక్టరు గారు కేకేశారు: "ఆగండి పెద్దాయనా! పిచ్చికుక్క కరిచినా దవడ ఇట్టనే జారిపోద్ది." ఈ ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోండి. చొంగ కార్చే పశువు నోట్లో వట్టి చెయ్యి పెట్టకూడదు. రేబిస్ అయితే లక్షణాలు బయటపడ్డాక వారం పది రోజుల్లో పశువు చనిపోతుంది. మా ఆవు వారాల తరబడి అలాగే ఉండేసరికి, ఆయన మేత గురించి గుచ్చి గుచ్చి అడిగారు.

కారణం ఆ చిల్లకాయలే. వాటిలో జూలిప్రోసోపైన్ అనే ఆల్కలాయిడ్, అంటే ఒక రకం విషపదార్థం ఉంటుంది. దవడను ఆడించే నరానికి మూలమైన కణాలు మెదడు కింది భాగంలో ఉంటాయి. ఈ విషానికి అవి దెబ్బతింటే దవడ కండ కరిగిపోతుంది. నాలుగు కాయలు తింటే వచ్చే జబ్బు కాదిది. నెలల తరబడి మేతలో సగం, ఆపైన కాయలే అయితే వస్తుంది. ఆవులకీ మేకలకీ ప్రమాదం, గొర్రెలు చాలావరకు తట్టుకుంటాయి. మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి వెళ్లి 'నెలోరె' పేరుతో స్థిరపడిన బ్రెజిల్‌లో, ఈశాన్య ప్రాంతపు రైతులకి ఇది బాగా తెలిసిన జబ్బు. 'కారా తోర్తా', అంటే వంకర మొహం అంటారు.

చచ్చిన నరాల కణాలు తిరిగి రావు. పెదనాన్న ఆవుని అమ్మనన్నాడు. పెద్దమ్మ తవుడు కలిపిన కుడితి బకెట్‌తో మూతి దగ్గర పట్టుకుని తాగించేది.

చెట్లన్నీ కొట్టేయమని నేను చెప్పను, కరువులో అవే దిక్కు. కాయలతో పాటు గడ్డో చొప్పో కూడా వెయ్యండి. పశువు తల వాల్చి నములుతుంటే ఆ రోజే కాయలు ఆపి డాక్టరుకి చూపించండి.