కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: కంపెనీ మార్చాలా, ఉన్నచోటే ఉండాలా?

కంపెనీ మారితే నో క్లెయిమ్ బోనస్ పోతుందేమో అన్న భయంతోనే చాలామంది ఏటా కళ్లు మూసుకుని పాత చోటే కడుతుంటారు. పోదు. ఈ బోనస్ (ఎన్‌సీబీ) కంపెనీది కాదు, బండిది కూడా కాదు, పాలసీదారుడిది. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టం) ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, ఆ తర్వాత వరసగా 25, 35, 45, 50. అక్కడితో ఆగుతుంది. ఈ మెట్లు అన్ని కంపెనీలకూ ఒకటే. పాత కారు అమ్మేసినా సరే, కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకుని పెట్టుకుంటే మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. ఇన్నేళ్లుగా వీళ్ల దగ్గరే ఉన్నాం కదా అన్న మొహమాటానికి ప్రీమియంలో విలువేమీ లేదు.

అలాగని పదిహేను వందలు తక్కువకు దొరికిందని వెంటనే దూకేయడమూ తెలివి కాదు. నా మటుకు ఈ నిర్ణయం తేలాల్సింది ప్రీమియం దగ్గర కాదు, బాడీషాప్ (దెబ్బతిన్న కార్లను బాగుచేసే చోటు) దగ్గర.

ముందు ధర సంగతి. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం) ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఎక్కడ కట్టినా అంతే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో ప్రైవేటు కారుకు 1000 సీసీ లోపు రూ.2,094, 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. కంపెనీల మధ్య పోటీ అంతా ఓన్ డ్యామేజ్ భాగంలోనూ, అదనంగా కొనుక్కునే యాడ్-ఆన్‌లలోనూ ఉంటుంది. మాయ జరిగేదీ అక్కడే.

ఓన్ డ్యామేజ్ లెక్క ఐడీవీ (ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వేల్యూ) నుంచి మొదలవుతుంది. అంటే కారు దొంగతనానికి పోయినా, రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటి టోటల్ లాస్ అయినా మీ చేతికి వచ్చే గరిష్ఠ మొత్తం. దాని మీద వేసే రేటుకు చాలా కంపెనీలు ఇప్పటికీ ఇండియా మోటార్ టారిఫ్ అనే పాత రేట్ల పట్టికనే మొదటి మెట్టుగా తీసుకుంటాయి. అందులో హైదరాబాద్ జోన్ ఏ, విజయవాడ, విశాఖ జోన్ బీ. అయిదేళ్లలోపు వయసున్న 1000 నుంచి 1500 సీసీ కారుకు జోన్ ఏలో 3.283 శాతం, జోన్ బీలో 3.191.

ఇప్పుడు హైదరాబాద్ రిజిస్ట్రేషన్ కారు ఒకటి తీసుకోండి. ఐడీవీ 6 లక్షలు. 3.283 శాతం అంటే రూ.19,698. కంపెనీ 60 శాతం డిస్కౌంట్ ఇచ్చిందనుకుంటే రూ.7,879. 50 శాతం ఎన్‌సీబీ పోగా రూ.3,940. అదే కారుకు ఇంకో కంపెనీ ఐడీవీ 5 లక్షలు పెట్టి కొటేషన్ ఇస్తే రూ.3,283 అవుతుంది. తేడా రూ.657, జీఎస్టీ 18 శాతం కలిపితే రూ.775. ఆ 775 రూపాయలు మిగిల్చుకుని, కారు పోయిన రోజున లక్ష రూపాయలు వదులుకుంటున్నారన్నమాట. వెబ్‌సైట్లలో "తక్కువ ధర" వరసలో పైన కనిపించే కొటేషన్లలో చాలావాటి రహస్యం ఇదే. అన్ని చోట్లా ఒకే ఐడీవీ మీరే టైప్ చేసి, అప్పుడు పోల్చండి.

రెండో మాయ వాలంటరీ డిడక్టిబుల్. క్లెయిమ్‌లో తప్పనిసరిగా మన జేబు నుంచి పోయేది 1500 సీసీ వరకు రూ.1,000, ఆపైన రూ.2,000. దీనికి తోడు 5,000 లేదా 7,500 స్వచ్ఛందంగా భరిస్తానని ముందే టిక్ పెట్టి ఉంటే ప్రీమియం తగ్గి కనిపిస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో బంపర్ గీతలు, అద్దం దెబ్బలు ఎక్కువ. అలాంటి బండికి ఈ బేరం గిట్టదు.

ఇక యాడ్-ఆన్‌లు. కంపెనీ మార్పు నిజంగా ఇబ్బంది పెట్టేది ఇక్కడే, కాస్త వివరంగా చూద్దాం. మామూలు కాంప్రహెన్సివ్ (ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ ఉండే) పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీ మీద కారు వయసుతో పని లేకుండా 50 శాతం తరుగు కోస్తారు. ఫైబర్ మీద 30, అద్దం మీద సున్నా. లోహపు భాగాలకు వయసును బట్టి: ఏడాది నుంచి రెండేళ్లలో 10 శాతం, మూడేళ్లు దాటితే 25, అయిదు దాటితే 40. మూడున్నరేళ్ల కారుకు ముందు భాగంలో దెబ్బ తగిలిందనుకోండి. బంపర్ 9,000, ప్లాస్టిక్ హెడ్‌ల్యాంప్ 14,000, ఫెండర్ 4,000, మొత్తం 27,000. తరుగు 4,500 + 7,000 + 1,000. తప్పనిసరి డిడక్టిబుల్ ఇంకో 1,000. అంటే సగం బిల్లు, 13,500, మీదే. పెయింట్ మెటీరియల్ మీద కోసే 50 శాతం ఇందులో కలపలేదు. జీరో డెప్ (జీరో డిప్రిసియేషన్) యాడ్-ఆన్ ఉంటే ఆ తరుగు కోత ఉండదు.

అయితే చాలా కంపెనీలు జీరో డెప్‌ను పాత పాలసీలో కూడా అది ఉంటేనే తేలిగ్గా ఇస్తాయి. లేకపోతే ఇన్‌స్పెక్షన్ అడుగుతాయి, లేదా ఇవ్వనే ఇవ్వవు. వయసు పరిమితి కూడా కంపెనీకో రకం, కొందరు అయిదేళ్లకు ఆపేస్తారు, కొందరు ఏడేళ్లు దాటినా ఇస్తారు. ఆరేళ్ల కారుకు మీ పాత కంపెనీ ఇంకా జీరో డెప్ కొనసాగిస్తుంటే, వెయ్యి రెండు వేల తేడా కోసం బయటికి రావద్దు. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్‌దీ ఇదే కథ. అదే కంపెనీలో రెన్యువల్ చేస్తేనే చెల్లుతుందన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మారే ముందు వర్డింగ్ చదవండి.

వరద ముప్పున్న ఊళ్లలో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ వదలొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. మునిగిన కారుకు పాలసీ వర్తిస్తుంది, కానీ నీళ్లలో ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దాన్ని పర్యవసాన నష్టం అంటారు. మామూలు పాలసీ ఇవ్వదు. నీళ్లలో నిలిచిన బండికి తాళం తిప్పకుండా టోయింగ్ పిలవాలి, యాడ్-ఆన్ ఉన్నా సరే.

ఇప్పుడు బాడీషాప్. మీరు బండి ఇచ్చే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి సేల్స్ కౌంటర్‌లో కాదు, బాడీషాప్ అడ్వైజర్‌ని అడగండి: ఏ కంపెనీ సర్వేయర్ (నష్టం లెక్కగట్టే మనిషి) త్వరగా వస్తాడు, ఎవరి అప్రూవల్ ఆలస్యమవుతుంది, భాగం మార్చమంటే రిపేరే చాలు అని పట్టుబట్టేది ఎవరు. రోజూ ఆ క్లెయిములతోనే పనిచేసేవాళ్లు కాబట్టి రేటింగ్ నక్షత్రాల కన్నా వీళ్ల మాట నమ్మొచ్చు. మీరు చూస్తున్న కంపెనీకి ఆ షాపులో క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా గ్యారేజీకి కట్టే సౌకర్యం) ఉందో లేదో కూడా అక్కడే ఖాయం చేసుకోండి, యాప్‌లో జాబితా పాతదై ఉండొచ్చు. "మా దగ్గర పాలసీ తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదు" అని షోరూమ్ వాళ్లు అంటే నమ్మొద్దు. క్యాష్‌లెస్ కంపెనీకీ గ్యారేజీకీ మధ్య ఒప్పందం, పాలసీ ఎవరు అమ్మారన్నదానితో సంబంధం లేదు.

"ఇన్‌కర్డ్ క్లెయిమ్స్ రేషియో 85 శాతం" అని గొప్పగా చెప్పే ప్రకటనలూ పట్టించుకోనక్కర్లేదు. వచ్చిన ప్రీమియంలో ఎంత డబ్బు క్లెయిములకు పోయిందో చెప్పే అంకె అది. వందలో ఎన్ని క్లెయిములు ఇచ్చారన్నది కాదు.

మంచి కొటేషన్ దొరికాక ఒక పని చేయండి. ఐడీవీ, యాడ్-ఆన్‌లు సమానంగా ఉన్న ఆ కొటేషన్‌ను పాత కంపెనీకో, పాలసీ ఇచ్చిన ఏజెంటుకో పంపండి. డిస్కౌంట్ పెంచే వీలు వాళ్లకు ఉంటుంది, అడగనివాళ్లకు ఇవ్వరు అంతే. బాడీషాప్ వాళ్లు పాత కంపెనీ గురించి బాగానే చెప్పి, ధరా దిగితే మారాల్సిన పనే లేదు.

కొత్త కారు కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్నప్పుడు ఇచ్చేది ఏడాది ఓన్ డ్యామేజ్, మూడేళ్ల థర్డ్ పార్టీ. బైకులకైతే థర్డ్ పార్టీ అయిదేళ్లు. రెండో ఏడాదిలో మార్చుకోగలిగేది ఓన్ డ్యామేజ్ ఒక్కటే. కొత్త కంపెనీ దగ్గర స్టాండలోన్ ఓడీ (ఓన్ డ్యామేజ్ మాత్రమే ఉండే) పాలసీ ఎంచుకుని, నడుస్తున్న థర్డ్ పార్టీ పాలసీ నంబరు, గడువు ఇవ్వాలి. కంగారులో కాంప్రహెన్సివ్ నొక్కితే థర్డ్ పార్టీకి రెండుసార్లు కట్టినట్టే.

మారాలనుకుంటే గడువుకు నెల ముందే మొదలుపెట్టండి. పాత పాలసీని రద్దు చేయాల్సిన పని లేదు, గడువు రోజు అర్ధరాత్రికి దానంతటదే ముగుస్తుంది. కొత్తది ఆ మరుక్షణం నుంచి మొదలయ్యేలా తేదీ పెట్టాలి. ఒక్క రోజు జారినా బండికి ఇన్‌స్పెక్షన్ పడుతుంది, అప్పటికే ఉన్న సొట్టలన్నీ ఫొటోల్లోకి ఎక్కుతాయి, వాటికి క్లెయిమ్ రాదు. 90 రోజులు దాటితే కూడబెట్టిన ఎన్‌సీబీ మొత్తం సున్నా. ఆ మధ్యలో రోడ్డెక్కి పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇంకో ప్రమాదం ఎన్‌సీబీ అబద్ధం. నిరుడు మీరు క్లెయిమ్ చేసి ఉన్నా, "పర్లేదు సార్, 50 పెట్టేద్దాం" అనే ఏజెంట్లు ఉన్నారు. పాలసీ అప్పటికి వచ్చేస్తుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటుంది, క్లెయిమ్ వచ్చినప్పుడైతే తప్పక తవ్వుతుంది. అప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరించే హక్కు వాళ్ల చేతిలో ఉంటుంది. పొరపాటున ఎక్కువ పడిందని తెలిస్తే వెంటనే మెయిల్ పెట్టి తేడా ప్రీమియం కట్టేయండి.

పాలసీ పీడీఎఫ్ రాగానే ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. ఎన్‌సీబీ శాతం, పాత పాలసీ నంబరు, యాడ్-ఆన్‌ల పేర్లు పక్కన ప్రీమియం పడిందో లేదో చూడండి. లోన్ ఉంటే బ్యాంకు పేరు హైపోథికేషన్ కింద ఉండాలి. బయట సీఎన్‌జీ కిట్ పెట్టించుకున్నవాళ్లు దాని విలువ విడిగా చూపించారా అన్నది చూడాలి. కిట్ విలువ మీద పాత టారిఫ్ ప్రకారం 4 శాతం, థర్డ్ పార్టీకి 60 రూపాయలు అదనం. ఆన్‌లైన్‌లో కంపెనీ మార్చేటప్పుడు ఎక్కువగా ఎగిరిపోయే లైను ఇదే.