కరకరమనే చక్రం

పన్నెండు దాటింది. లైటు తీసేసి పడుకుని, మళ్ళీ లేచి కూర్చున్నాను.

సాయంత్రం చిన్నది తన ఎర్ర కారుని నేలమీద గుండ్రంగా తిప్పుతూ, మలుపులో వెనక చక్రం కరకరమంటోందని పట్టుకొచ్చింది. చూస్తే వెనక చక్రాలు రెండూ ఒకే ఇనప పుల్లకి బిగించి ఉన్నాయి. "డిఫరెన్షియల్ లేదు కదమ్మా, అందుకే" అన్నాను. "అంటే?" అంది. ఏం చెప్పినా అది "అంటే?" అంటుంది. మలుపులో రెండు చక్రాలూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక అని తెలుసు, ఎలా తిరగనిస్తుందో చెప్పబోతే నాకు మాట రాలేదు. రేపు చెప్తానని పంపేశాను. డిప్లొమాలో ఆటోమొబైల్ చదివినదాన్ని నేను!

అందరూ పడుకున్నాక వెతికాను. ముందు దొరికినవన్నీ కొత్త వీడియోలే. రంగురంగుల గేర్లు అన్నీ ఒకేసారి గిరగిరా తిరుగుతాయి, వెనక మ్యూజిక్కు, ఏది దేన్ని తిప్పుతోందో తెలిసేలోపే అయిపోతుంది. నాలుగైదు చూశాక తలనొప్పి వచ్చింది. తర్వాత కనబడింది 1937 నాటి నలుపు తెలుపు సినిమా, 'అరౌండ్ ది కార్నర్'. షెవర్లే కార్ల కంపెనీ కోసం జామ్ హ్యాండీ సంస్థ తీసింది, పది నిమిషాలు కూడా ఉండదు. మొదట మోటారు సైకిళ్ళ వాళ్ళు వరసగా ఒక చుట్టు తిరుగుతారు, బయటి వైపు ఉన్నవాడు లోపలివాడి కంటే జోరుగా వెళ్తేనే వరస నిలుస్తుంది. తర్వాత రెండు చక్రాలు, కొన్ని పుల్లలు, మధ్యలో రెండింటినీ నెట్టే ఒక అడ్డకర్ర. ఒక చక్రాన్ని ఆపితే ఆ కర్ర పక్కకి తిరిగి రెండోదాన్ని ముందుకి తోస్తుంది. పుల్లలు ఎక్కువయ్యే కొద్దీ అవే గేరు పళ్ళయిపోతాయి. అంతే! ఇన్నేళ్ళకి అర్థమైంది.

అర్థమైన సంతోషం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు, కోపం వచ్చింది. క్రౌన్ వీల్, కేజ్, స్పైడర్, స్టార్ పినియన్లు, సన్ గేర్లు, హాఫ్ షాఫ్టులు, డిఫరెన్షియల్ భాగాల పేర్లు ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. సార్ నోట్సు చెప్పేవారు, మేం రాసుకునేవాళ్ళం. బొమ్మకి పెన్సిల్‌తో షేడింగ్ కూడా వేసి పరీక్షలో మార్కులన్నీ తెచ్చుకున్నాను. ల్యాబులో గోడవారగా డిఫరెన్షియల్‌తో సహా ఒక వెనక యాక్సిల్ (ఇరుసు) ఉండేది, బోల్టుల మీద కూడా పెయింటు వేసేసి. విప్పి చూపించమని ఒకడు అడిగితే "పాడైపోతుంది" అన్నారు. ఎలాగూ కదలని వస్తువు ఇంకేం పాడవుతుంది? మూడేళ్ళూ ఆ పెయింటు చిట్లలేదు. ఇంజను తిప్పే పెద్ద గేరు, అదే క్రౌన్ వీల్, నిమిషానికి వంద చుట్లు తిరుగుతుంటే, మలుపులో లోపలి చక్రం తొంభై తిరిగితే బయటిది నూట పది తిరుగుతుంది, ఎప్పుడూ రెండూ కలిపి రెండు వందలే. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంతవరకు రాసి మంచినీళ్ళు తాగి వచ్చాను. సార్ మీద అంత కోపం న్యాయం కాదేమో. ఆయనకి మాత్రం ఎవరు చూపించారు? ఇలాంటి సినిమాలు చాలాకాలం ఎవరికీ అక్కర్లేకుండా డబ్బాల్లో పడి ఉన్నాయి. రిక్ ప్రెలింగర్ అనే ఆయన 1980లలో వాటిని పోగుచెయ్యడం మొదలుపెట్టి, తర్వాత పాత సినిమాలూ పుస్తకాలూ దాచే వెబ్‌సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టబట్టి ఇవాళ నాకు దొరికింది. అయినా, పుల్లలకి ఆర్కైవ్ ఎందుకు? రెండు అట్టముక్కలుంటే క్లాసులో చూపించొచ్చు. కానీ క్లాసులో అర్థం కాలేదని లేచి అడిగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు. మార్కులు వచ్చాయి కాబట్టి వచ్చేసిందనే అనుకున్నాను. చిన్నది ఒక్క మాటతో పట్టేసింది.

కొత్త వీడియోలనీ ఊరికే తిట్టాను. సినిమా చూశాక అందులో ఒకటి మళ్ళీ పెడితే ఈసారి అన్నీ తెలిశాయి, లోపలి గేర్లు అందులోనే ఇంకా బాగా కనిపించాయి. కాకపోతే అది తెలిసినవాళ్ళకి.

ఎర్ర కారు కీబోర్డు పక్కనే ఉంది. ఒక చక్రం గట్టిగా లాగితే పుల్లమీద వదులైంది, వేలితో తిప్పితే ఇప్పుడు అదొక్కటే తిరుగుతోంది. టేబుల్ మీద గుండ్రంగా తిప్పి చూశాను, చప్పుడు లేదు. పొద్దున లేచి "నా కారు పాడుచేశావు" అంటుందో ఏమో. అది లేచేలోపు అట్ట కత్తిరించి, అగ్గిపుల్లలు అతికించి పెట్టాలి.